ఖాళీ అని రాసిన పేజీ

ఒక కాగితం ఎంత బరువుంటుందో నాకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. మా ఆయనకి చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. గుళ్ళో దేవుడి ముందు నిలబడి కూడా వేరే ఏవో కోరికలు కోరుకుని వచ్చేశాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, ఆ ధైర్యమే. పేరు మాత్రం అడక్కండి.

ముందే ఒక మాట. చదువుతూ చదువుతూ మీకు "పాపం, చిన్నపిల్ల, భయపడి ఉంటుంది" అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది. అలా అనిపించబట్టే ఇన్నేళ్ళు హాయిగా అన్నం తిన్నాను.

అప్పుడు నేను నార్త్ కరొలైనాలో ఎమ్మెస్ చేస్తున్నాను. క్యారీ అనే ఊళ్ళో మాధవి అనే అమ్మాయితో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉండేదాన్ని. మాధవిది కరీంనగర్. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. మా ఇద్దరికీ యూనివర్సిటీలోనే ఒకే చోట క్యాంపస్ ఉద్యోగం దొరికింది. క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే పని కాదు కదా అని ఎగిరి గంతేశాం. పని ఏమిటంటే, పంతొమ్మిదో శతాబ్దంలో ఆ చుట్టుపక్కల నడిచిన ఒక పిచ్చాసుపత్రి పుస్తకాలు చదివి, కంప్యూటర్‌లోకి ఎక్కించడం.

ఆ పుస్తకాలు లైబ్రరీ కింద, కిటికీలు లేని చల్లటి గదిలో ఉండేవి. ఒక్కొక్కటి రెండు చేతులా ఎత్తుకోవాల్సినంత పెద్దవి. తోలు అట్టలు. తెరిస్తే పాత ట్రంకుపెట్టె వాసన. లోపల డాక్టర్ల చేతిరాత. ఒక్కో మనిషికి మొదటి రోజు మూడేసి పేజీలు రాసేవారు. నాలుక ఎలా ఉంది, నాడి ఎలా ఉంది, తల ఆకారం ఎలా ఉంది, నిద్ర, ఆకలి, పిచ్చికి కారణం. ఆ కారణాల గడి చూస్తే మతి పోయేది. "దుఃఖం." "మత చింత." "ప్రేమలో నిరాశ." "ఎక్కువగా చదవడం." నిజం, ఎక్కువగా చదవడం వల్ల కూడా పిచ్చెక్కుతుందని రాశారు. మాధవి ఆ ముక్క ఫొటో తీసి వాళ్ళ నాన్నకి పంపింది.

మొదట్లో ఆ డాక్టర్లకి ఎంత నమ్మకమో! మంచి గాలి, తోటపని, వేళకి గంట, వేళకి భోజనం, కసురుకోకుండా మాట్లాడటం, ఇవి ఉంటే చాలు, పిచ్చి కుదిరిపోతుందని రాసుకున్నారు. తర్వాత మనుషులు వచ్చి పడ్డారు. వార్డులు నిండిపోయాయి. మూడు పేజీలు రాసిన చెయ్యే రెండో ఏడు మూడు లైన్లు రాసింది. ఆ తర్వాత ఏడాదికి ఒక్క లైను. ఆ లైను కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే. "మార్పు లేదు."

ఆ మాట చదివినప్పుడల్లా నేను వాళ్ళని తిట్టుకునేదాన్ని. ఏం మనుషులు, ఏడాదంతా బతికిన మనిషికి రెండు మాటలా అని. ఆ తిట్లు గుర్తుపెట్టుకోండి, నాకు మళ్ళీ పనికొస్తాయి.

మా పనికి ఒక నియమం ఉండేది. ప్రతి పేజీని ఇద్దరు చదవాలి, వేర్వేరుగా. ఒకరు రాసింది ఇంకొకరు చూడకూడదు. ఇద్దరూ ఒకటే రాస్తే ఆ పేజీ పాస్. తేడా వస్తే మా సూపర్‌వైజర్ డానా కూర్చుని చూస్తుంది. చక్కటి పద్ధతి. దాన్ని మేము రెండు వారాల్లో నాశనం చేశాం.

ఎలాగో మన వాళ్ళకి చెప్పక్కర్లేదు. బీటెక్‌లో ల్యాబ్ రికార్డులు ఎలా రాశామో అలాగే. సరి పేజీలు నువ్వు, బేసి పేజీలు నేను. సాయంత్రం షేర్ చేసుకో, కాపీ చెయ్యి, అక్కడక్కడా ఒక కామా మార్చు, అనుమానం రాదు. అది మోసమని మాకు తట్టను కూడా తట్టలేదు. ఒకరికొకరం సాయం చేసుకుంటున్నాం అనుకున్నాం. డానా మమ్మల్ని చూసి మురిసిపోయేది. ఇంత బాగా కలిసే రీడింగులు ఇంతవరకూ చూడలేదని మెయిల్ పెట్టింది.

ఇక రూత్ గారి సంగతి.

రూత్ గారు ఎనభై దాటిన తెల్లావిడ. సన్నగా, నిటారుగా ఉండేవారు, చేతిలో ఎప్పుడూ ఒక రుమాలు. వాళ్ళ అమ్మమ్మ తల్లి పేరు అడలైన్. పాతికేళ్ళ వయసులో, కాన్పులో బిడ్డ పోయాక, మాట్లాడటం మానేసిందట. అప్పటికే మూడేళ్ళ కూతురు ఉంది. భర్త ఇద్దరు డాక్టర్ల చేత కాగితం రాయించి, బండిలో ఆ ఆసుపత్రికి తీసుకొచ్చి దింపాడు. అంతే, ఆ తర్వాత ఏమైందన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. రూత్ గారు ఎన్నో ఏళ్ళుగా ఆమె సమాధి కోసం వెతుకుతున్నారు. ఆ ఆసుపత్రి శ్మశానంలో పేర్లుండవు. గడ్డిలో చిన్న చిన్న రాళ్ళు, రాళ్ళ మీద నంబర్లు.

ఒక బుధవారం డానా వచ్చి, శుక్రవారం రూత్ గారు వస్తున్నారు, అడలైన్ పేజీల్లో ఏమైనా తేలిందా అని అడిగింది. ఆమె రాతలు ముగిసే పేజీ బేసిది. అంటే నాది.

తీశాను. మొదటి మూడు పేజీలూ బాగానే ఉన్నాయి. కారణం గడిలో "కాన్పు" అని ఉంది. "మాట్లాడదు. చెప్పిన పని చేస్తుంది. పిల్లల మేజోళ్ళు అల్లుతుంది" అని ఉంది. రెండేళ్ళ వరకూ రాతలున్నాయి. ఆ తర్వాత పేజీ అడుగున ఎప్పుడో నీళ్ళు పడి గోధుమరంగు మరక. మరక కింద ఏదో చిన్న రాత ఉంది. ఉందని నాకు కనిపించింది. ఈ ముక్క దాటెయ్యాలనిపిస్తోంది, దాటెయ్యను. నాకు కనిపించింది. చదవలేకపోతే "చదవలేకపోయాం" అని రాసి డానాకి పంపాలి, ఆవిడ మరక కింది రాత కనిపించే దీపం కింద పెట్టి చూపిస్తుంది. దానికి వారాలు పట్టేది. పైగా నాకు ఆ వారం రెండు ఎగ్జామ్స్.

పక్కనే శ్మశానం పుస్తకం ఉంది. తిప్పాను. మరక పడ్డ చోటికి రెండు నెలల తర్వాత తేదీలో, పేరు లేకుండా, "స్త్రీ, 67" అని ఒక లైను. సరిపోయింది. సరిపోవాలని చూస్తే ఏదైనా సరిపోతుంది, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. చివరి గడిలో "మరణించారు" అని కొట్టాను. సమాధి: 67. సాయంత్రం మాధవి కాపీ చేసి, ఒక కామా మార్చింది. ఇద్దరు వేర్వేరుగా చదివి ఒకే మాట రాశారు కాబట్టి పేజీ పాస్ అయింది.

శుక్రవారం రూత్ గారు నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగారు, చాలాకాలం బాధపడిందా అని. లేదండీ, రెండేళ్ళే అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని, ఎంతోసేపటి నుంచి బిగపట్టిన ఊపిరి వదిలారు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో! ఛీ, నా మొహం.

వసంతంలో రాయి పెట్టారు. చర్చి నుంచి కొందరు వచ్చారు, పూలు తెచ్చారు. 67 తీసేసి "అడలైన్" అని చెక్కిన రాయి. రూత్ గారు మోకాళ్ళ మీద కూర్చుని, రాయి మీద చెయ్యి వేసి, పేరు పెట్టి పిలిచారు. గాలి లేదు. అయినా నా వెనక ఎవరో కదిలినట్టు అనిపించి తిరిగి చూశాను. వరసగా నంబర్లు తప్ప ఏమీ లేవు. ఇంటికి వస్తే మాధవి గుమ్మంలోనే ఆపింది. "ఆగాగు. కాళ్ళు కడుక్కోకుండ లోపలికి రాకు," అని మగ్గుతో నీళ్ళు తెచ్చింది. అమెరికా అపార్ట్‌మెంట్ కారిడార్‌లో, కార్పెట్ మీద, కాళ్ళు కడుక్కున్నాను.

కడుక్కుంటే పోయేదైతే ఇదంతా ఎందుకు రాస్తాను?

ఎండాకాలంలో మాకు ఇంకో సంపుటం ఇచ్చారు. రెండేళ్ళ తర్వాతి పుస్తకం. చివర్లో కొన్ని పేజీలు మిగిలిపోతే, పాత పుస్తకాల్లో చోటు చాలని రోగుల రాతలు అక్కడ కొనసాగించారు. కాగితం దుబారా చెయ్యకూడదని ఆ రోజుల్లో అలా చేసేవారట. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, నిద్ర ఆపుకుంటూ ఆ పేజీ తిప్పాను.

పైన అడలైన్ పేరు ఉంది.

వేరే అడలైన్ అనుకున్నాను. కింద ఊరు అదే. భర్త పేరు అదే. మొదటి పుస్తకం పేజీ నంబరు కూడా రాసి ఉంది. అప్పుడు అర్థమైంది, మరక కింద ఉన్న చిన్న రాత ఏమిటో. మిగతాది ఫలానా పుస్తకంలో చూడండి అని. అంతే. ఆమె చనిపోలేదు. చోటు అయిపోయింది.

ముప్పై ఒక్క లైన్లు ఉన్నాయి. ఏడాదికి ఒకటి. సిరాలు మారాయి, చేతిరాతలు మారాయి, ముగ్గురో నలుగురో డాక్టర్లు వచ్చి వెళ్ళారు. "మార్పు లేదు." "మార్పు లేదు." "లాండ్రీలో పని చేస్తోంది. మార్పు లేదు." "పిల్లల మేజోళ్ళు అల్లుతుంది, అన్నీ ఒకే కొలత. మార్పు లేదు." ఆ గదిలో ఏసీ చప్పుడు ఆగిపోయినట్టయింది. వేలు పెట్టి ఒక్కో లైనూ దిగుతుంటే మెట్లు దిగుతున్నట్టుంది, అడుగు ఎక్కడో తెలీదు.

పదిహేడో ఏడు దగ్గర మాత్రం నాలుగు లైన్లున్నాయి. ఆ నాలుగూ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఒక పెళ్ళైన యువతి వచ్చి, తాను రోగి కూతుర్నని చెప్పింది. రోగి ఆమెను చాలాసేపు చూసి, మర్యాదగా కూర్చోమంది. ఎన్నో ఏళ్ళ తర్వాత మాట్లాడటం ఇదే మొదలు. నువ్వు నా కూతురివి కాదమ్మా, నా కూతురు ఇంతే ఉంటుంది అని, అరచెయ్యి నడుము ఎత్తులో పట్టి చూపించింది. వచ్చినామె ఏడుస్తూ వెళ్ళిపోయింది. రోగి ప్రశాంతంగా ఉంది.

ఆ తర్వాత మళ్ళీ, "మార్పు లేదు."

ఇంకో పద్నాలుగేళ్ళు ఉంది ఆమె అక్కడ. చివరి లైనులో న్యుమోనియా అని, సమాధి నంబరు అని ఉంది. ఆ నంబరు 67 కాదు.

మరి 67లో ఎవరున్నారు? మేమంతా పూలు పెట్టి, పేరు పెట్టి పిలిచింది ఎవరిని? పిలిస్తే ఆమె ఏమనుకుని ఉంటుంది? నాకోసం కాదు అనుకుని అటు తిరిగి పడుకుందా, ఎవరి పేరైతేనేం, ఇన్నాళ్ళకి ఎవరో వచ్చారు అనుకుందా?

సాయంత్రం మాధవికి చెప్పాను. తెల్లబోయింది. తర్వాత తలుపు వేసి, గొంతు తగ్గించి అంది.

"ఏయ్, గమ్మునుండవే. కాపీ కొట్టినమని తెలిస్తే ఇద్దర్నీ టర్మినేట్ చేస్తరు. వీసా పాయె, చదువు పాయె. ఎప్పుడో సచ్చిపోయినామె, ఆమెనేమన్న వచ్చి అడుగుతదా?"

మాధవిని అనను. ఆమె నోట వచ్చింది నా భయమే. కాపీ ఆలోచన నాది, పేజీ నాది, మాట నాది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఆ సంపుటం చివర్లో ఆమె పేజీలన్నిటికీ ఎదురుగా "ఖాళీ" అని రాశాను. ముప్పై ఒక్క ఏళ్ళు. రెండు అక్షరాలు. మాధవి కూడా ఖాళీ అనే రాసింది. ఈసారి కామా కూడా లేదు మార్చడానికి. ఇద్దరం ఒకటే రాశాం, పాస్ అయింది, పుస్తకం తిరిగి అరల్లోకి వెళ్ళిపోయింది.

ఆ డాక్టర్లని తిట్టాను కదా. వాళ్ళు కనీసం ఏడాదికోసారి ఆమె మొహం చూసి రెండు మాటలు రాశారు.

రూత్ గారు నన్ను వదల్లేదు. మంచివాళ్ళు అంత తేలిగ్గా వదలరు. ఉద్యోగం వచ్చింది, పెళ్ళైంది, క్యారీలోనే ఇల్లు కొనుక్కున్నాం. ప్రతి వసంతంలోనూ ఫోన్ చేసేవారు, అడలైన్ దగ్గరికి వెళ్దాం రా అని. నేనే కార్ డ్రైవ్ చేసి తీసుకెళ్ళేదాన్ని. వద్దనడానికి ఏం కారణం చెప్పను? వచ్చేటప్పుడు పీచ్ జామ్ సీసా చేతిలో పెట్టేవారు. ఇంటికొచ్చి ముందు కాళ్ళు కడుక్కుని, తర్వాత సీసా అలమారలో వెనక్కి తోసేసేదాన్ని. ఒక్కటీ తెరవలేదు.

నాలుగో వసంతమో ఐదోదో. రాయి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాం. ఎండ బాగుంది. ఆవిడ హఠాత్తుగా అన్నారు.

"మా అమ్మమ్మ పోయేటప్పుడు నేను పక్కనే ఉన్నాను, హనీ. పద్దెనిమిదేళ్ళు నాకు. చివరి రెండు రోజులూ ఒకటే చేసింది. మంచం పక్కకి చెయ్యి చాపి, ఇదిగో, ఇలా." అరచెయ్యి కిందికి తిప్పి, నడుము ఎత్తులో గాల్లో ఆపారు. "ఇలా పట్టుకుని, చెయ్యి కిందికి చూసేది. అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టు. ఏం కావాలి అమ్మమ్మా అంటే చెప్పేది కాదు. ఏడ్చేది. ఎందుకలా చేసిందో మా అమ్మకీ తెలీదు. నువ్వు ఆ కాగితాలన్నీ చదివావు కదా. ఎక్కడైనా ఏమైనా కనిపించిందా?"

ఆ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ముడతలు పడిన, సన్నటి చెయ్యి. దాని కింద గడ్డి మీద నీడ. చూస్తే అది మూడేళ్ళ పిల్ల నీడంత ఉంది. ఆ చెయ్యి అడలైన్ నుంచి కూతురికి, కూతురి నుంచి ఈవిడకి వచ్చింది, ఒక్క మాట తోడు లేకుండా. ఆ మాట లోకంలో ఒక్క చోటే ఉంది. ఒక పుస్తకం చివరి పేజీలో, ఖాళీ అని రాసిన చోట. ఇంకో చోట కూడా ఉంది. నా నోట్లో.

"లేదండీ," అన్నాను. "ఏమీ లేదు."

"సర్లే. కనీసం ఆ తల్లి ఎక్కువ కాలం బాధపడలేదు," అని చెయ్యి దించి, రుమాలుతో నా భుజం మీద పడ్డ ఆకు దులిపారు.

ఎందుకు చెప్పలేదు? అప్పటికి నా డిగ్రీ నా చేతిలో ఉంది. ఎవరూ నన్ను ఎక్కడికీ పంపేవాళ్ళు కాదు. మరి దేనికి భయం? ఆవిడ కోసమే అని చెప్పుకున్నాను. అంత పెద్దావిడ, ఇప్పుడు ముప్పై మూడేళ్ళని చెబితే తట్టుకుంటుందా, తన అమ్మమ్మ వెళ్ళి చూసి, తల్లిని అక్కడే వదిలేసి వచ్చిందని తెలిస్తే ఏమైపోతుంది అని. ఎంత దయ! నిజం చెప్పమంటారా? ఆవిడ నన్ను చూసే చూపు పోతుందని. ఆ చూపు నాకు కావాలి. మా వాళ్ళెవరూ నన్ను అంత మంచిదాన్ని చేసి చూడలేదు. ఆ చూపు కోసం ఆవిడ అమ్మమ్మ చివరి సైగకి అర్థాన్ని నా దగ్గర దాచుకున్నాను.

ఈ మాఘంలో రూత్ గారు పోయారు. చర్చిలో వాళ్ళ మేనకోడలు మాట్లాడుతూ నా పేరు చెప్పింది. ఇండియా నుంచి వచ్చిన ఈ అమ్మాయి వల్లే మా ఆంటీకి మనశ్శాంతి దొరికింది అంది. అందరూ తిరిగి నన్ను చూశారు. నేను తల వంచుకున్నాను. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు. తర్వాత ఆ మేనకోడలే నా దగ్గరికి వచ్చి, చివరి రోజుల్లో ఆంటీ మిమ్మల్ని అడిగారు అంది. ఎందుకని నేను అడగలేదు. చెయ్యి ఎలా పెట్టుకున్నారని కూడా అడగలేదు. అడిగే ధైర్యం ఉంటే నేను వేరే మనిషిని అయ్యేదాన్ని.

అప్పటి నుంచి ఒకటి జరుగుతోంది. మొన్న దుకాణంలో క్యూలో నిలబడ్డాను. వెనకావిడ, "మీ పాప ఎక్కడ?" అని అడిగింది. మాకు పిల్లల్లేరు. కిందికి చూసుకున్నాను. నా కుడి చెయ్యి నడుము ఎత్తులో, అరచెయ్యి కిందికి, ఎవరి తల మీదో ఆనించినట్టు ఆగి ఉంది. ఎప్పుడు పెట్టానో తెలీదు. తీసి జేబులో పెట్టుకున్నాను. అరచెయ్యి వెచ్చగా ఉంది.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినావిడకి ఇప్పుడు వినబడదు. చెప్పడం ఆలస్యమైంది, అది నాకు తెలుసు. అయినా డానాకి ఒక మెయిల్ రాశాను. కాపీ సంగతి రాశాను, వీలైనంతవరకూ మాధవి పేరు ఎత్తకుండా. మేనకోడలికి అసలు సమాధి నంబరూ, ఆ చెయ్యి కథా ఒక ఉత్తరంలో రాశాను. రెండూ ఇవాళ పొద్దున పంపేశాను. ఇక మీకు చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది. అది కూడా చెప్పేస్తాను.

ఆ సంపుటం, చివరి పేజీలు. అవి ఖాళీగా లేవు. ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడ ఒక మనిషి ఉంది. నేను చదివాను.